మచ్చుకాయలు చూపించడానికి డబ్బు కట్టక్కర్లేదు

ప్రశ్న: మేడమ్, నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పుట్టి పెరిగింది గుంటూరు. మా నాన్నగారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసేవారు. ఆ నేపథ్యంతో నాలుగేళ్లు కూర్చుని ఇంగ్లీషులో నవల రాశాను. 1,64,000 పదాలు వచ్చింది. అమెరికాలో, లండన్‌లో ఉన్న 60 మంది లిటరరీ ఏజెంట్లకు మెయిల్ పెట్టాను. ఐదు నెలలైంది. ముగ్గురు 'మాకు సరిపడదు' అని రెండు లైన్లు రాశారు, మిగతావాళ్ల నుంచి జవాబే లేదు. పోయిన వారం ఒక ఏజెన్సీ నుంచి, నేను రాయకుండానే, మెయిల్ వచ్చింది. నా నవలకు అంతర్జాతీయ మార్కెట్ ఉందట, ఎడిటింగుకూ రిప్రజెంటేషన్‌కూ కలిపి 85,000 రూపాయలు కట్టాలట. మా వారు 'నాలుగేళ్ల కష్టం, కట్టేద్దాం' అంటున్నారు. నా స్నేహితురాలు 'మిరపకాయల కథ ఎవరు కొంటారే, థ్రిల్లర్ రాయి' అంటోంది. సినిమా ఫీల్డులో ఉన్న మా పెద్దమ్మ కొడుకు 'ముందు రైట్స్ నా పేరున రాసివ్వు, తర్వాత చూద్దాం' అంటున్నాడు. అసలు అమ్ముడుపోయే నవల ఎలా రాయాలి? ఏజెంట్ ఎలా దొరుకుతారు? తెలుగులో రాసుంటే బాగుండేదా? ఆ ఏజెన్సీ మెయిల్, నేను పంపిన మెయిల్, కథాసంగ్రహం, మొదటి పది పేజీలు జత చేస్తున్నాను.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ 85,000 సంగతి తేల్చేద్దాం. కట్టొద్దు. మీ వారికి నా మాటగా చెప్పండి.

మీరు మిర్చి యార్డులో పెరిగారు కాబట్టి ఈ విషయం మీకు నాకంటే బాగా తెలియాలి. రైతు టిక్కీలు దించుతాడు. మీ నాన్నగారు ఒక టిక్కీ కోసి మచ్చుకాయలు తీసి కొనేవాళ్లకు చూపిస్తారు. కొనేవాడు రంగు చూస్తాడు, కాయ విరిచి చూస్తాడు, తేమ ఎంతుందో చేత్తోనే చెప్తాడు. ధర కుదిరితే సరుకు తూకానికి వెళ్తుంది, అప్పుడు మీ నాన్నగారికి కమీషన్. మచ్చుకాయలు చూసినందుకు ఆయన ఏ రైతు దగ్గరైనా డబ్బు తీసుకున్నారా? తీసుకుని ఉంటే మర్నాటి నుంచి ఆ కొట్టు ముందు బండి ఆగేదా?

లిటరరీ ఏజెంట్ చేసేదీ అదే. రచయిత తరఫున రాతప్రతిని ప్రచురణ సంస్థల ఎడిటర్లకు చూపించి, ధర మాట్లాడి, కాంట్రాక్టు రాయించి, వచ్చిన డబ్బులో వాటా తీసుకుంటారు. అమెరికాలో, బ్రిటన్‌లో స్వదేశీ ఒప్పందాలకు ఆ వాటా నూటికి 15, విదేశీ హక్కులకు సాధారణంగా 20. పుస్తకం అమ్ముడుపోకపోతే ఏజెంట్‌కు సున్నా. అందుకే వాళ్లు అంత ఆచితూచి తీసుకుంటారు. అక్కడ ఏజెంట్లకు ఒక సంఘం ఉంది, అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ లిటరరీ ఏజెంట్స్ అని. ప్రాతినిధ్యం కోరుతూ వచ్చిన రాతప్రతిని చదవడానికి ఫీజు తీసుకోవడాన్ని ఆ సంఘం నియమావళి ఒప్పుకోదు. డబ్బు ఎప్పుడూ ప్రచురణకర్త నుంచి ఏజెంట్ మీదుగా రచయితకు రావాలి. వెనక్కి పారుతోందంటే అక్కడ వేరే వ్యాపారం నడుస్తోందన్నమాట.

ఇంత గట్టిగా చెప్తున్నానంటే నేనూ ఆ గోతిలో ఒకసారి పడ్డాను కాబట్టి. 2009లో మేము అమెరికాలో ఉన్నప్పుడు నా మొదటి నవలను ఒక ఏజెన్సీకి పంపాను. చదవడానికి 250 డాలర్లు అన్నారు. మా ఆయనకు చెప్పకుండా కట్టాను. ఆరు వారాలకు రెండు పేజీల రిపోర్టు వచ్చింది. అందులో నా కథానాయిక పేరు మూడు చోట్ల తప్పు. మూడో చోట ఆమె మగవాడైపోయింది. ఆ రిపోర్టు ఇప్పటికీ దాచుకున్నాను, కోపం చల్లారిపోయినప్పుడల్లా తీసి చదువుకోవడానికి.

ఇప్పుడు ఇంకో రకం మోసం పెరిగింది. నిజంగా ఉన్న ఏజెంట్ల పేర్లు, ఫొటోలు వాడుకుని, కొత్తగా తెరిచిన మెయిల్ ఐడీల నుంచి రచయితలకు రాస్తున్నారు. హాలీవుడ్ వాళ్లు అడుగుతున్నారంటారు, మీ భాష అద్భుతమంటారు. మీకొచ్చిన మెయిల్‌లో మీ నవలలోని ఒక్క పాత్ర పేరైనా ఉందా? మీరు నాకు పంపిన కాపీలో నాకు కనపడలేదు. అడగకుండా వచ్చిన ఏజెంట్‌ను నూటికి తొంభై తొమ్మిది సార్లు నమ్మక్కర్లేదు. మంచి ఏజెంట్లు తమ ఇన్‌బాక్స్‌లో పేరుకున్న వేల ఉత్తరాలే చదవలేక సతమతమవుతుంటారు, మీ ఇల్లు వెతుక్కుంటూ రారు. అనుమానం వచ్చినప్పుడు 'రైటర్ బివేర్' అనే సైటులో ఆ సంస్థ పేరు వెతకండి. అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం అండతో 1998 నుంచి నడుస్తోంది, పూర్తిగా ఉచితం.

ఇక అసలు విషయం. మీ 60 మెయిళ్లు ఎందుకు పనిచేయలేదో మీరు జత చేసిన కాపీ చూడగానే అర్థమైంది. 60 అడ్రసులూ ఒకే మెయిల్‌లో బీసీసీ పెట్టారు. పైన 'డియర్ సర్ ఆర్ మేడమ్'. పెళ్లి శుభలేఖ మీద పేరు రాయకుండా ఇచ్చినా మనవాళ్లు నొచ్చుకుంటారు కదా! ఆ మెయిల్‌ను వాళ్లు తెరిచారనే నేననుకోను. కాబట్టి 60 మంది మీ నవలను కాదన్నారని బాధపడకండి. ముగ్గురు తప్ప ఎవరూ దాని మొహం చూసి ఉండరు.

అయితే చూసినా ఒప్పుకునేవారు కాదు. నిష్ఠూరమైనా చెప్పాలి. మొదటి సమస్య 1,64,000. మొదటి నవల అంటే అక్కడి మార్కెట్ చూసేది సాధారణంగా 80,000 నుంచి లక్ష పదాల మధ్య. ఫాంటసీకి ఇంకో ఇరవై వేలు ఓర్చుకుంటారు. లావు పుస్తకానికి కాగితం ఖర్చు, ఎడిటింగ్ ఖర్చు, ప్రూఫులు, రవాణా అన్నీ పెరుగుతాయి, పేరు తెలియని రచయితకు అంత ధర పెట్టడానికి షాపువాడు జంకుతాడు. ఇంకో కారణం వాళ్లు పైకి చెప్పరు. అంత పొడుగు కనపడితే రచయిత ఇంకా కత్తెర పట్టుకోలేదని ఏజెంట్ అనుకుంటారు. (మనవాళ్లు తెలుగు నవల లెక్కతో పోల్చుకుని కంగారు పడుతుంటారు. పోల్చకూడదు. 'వెళ్లాల్సివచ్చిందనుకుంటా' అని మనం ఒక్క మాటలో అనేది ఇంగ్లీషులో ఆరేడు పదాలు పడుతుంది. అదే కథ తెలుగులో చాలా తక్కువ పదాల్లో వస్తుంది.)

మీ స్నేహితురాలు థ్రిల్లర్ రాయమంటోంది. రాయొద్దు. ఇప్పుడు షాపుల్లో బాగా అమ్ముడవుతున్న పుస్తకాలు రెండేళ్ల కిందట సంస్థలు కొన్నవి, అంతకు ముందు రెండు మూడేళ్లు ఎవరో రాసినవి. వాటిని చూసి మీరు మొదలుపెడితే మీది బయటికొచ్చేసరికి ఆ గాలి తిరిగిపోతుంది. ఈ ఏడాది తేజ రకం మిర్చికి రేటు బావుందని వచ్చే ఏడాది ఊరంతా తేజ వేస్తే ఏమవుతుందో మీ నాన్నగారిని అడగండి.

మరి అమ్ముడుపోయేది అంటే ఏమిటి? నేనర్థం చేసుకున్నంతలో ఇదీ. మీ నవల గురించి మీరు ఏజెంట్‌కు చెప్తారు. ఏజెంట్ ఎడిటర్‌కు ఫోన్ చేసి చెప్తారు. ఎడిటర్‌కు నచ్చితే సరిపోదు, సంస్థలో కొనుగోలు మీటింగ్ ఉంటుంది. అక్కడ సేల్స్ వాళ్లు, మార్కెటింగ్ వాళ్లు, లాభనష్టాల పట్టిక వేసేవాళ్లు కూర్చుంటారు. వాళ్లలో చాలామంది మీ నవల చదివి ఉండరు. ఎడిటర్ వాళ్లకు చెప్పాలి. సేల్స్ వాళ్లు వెళ్లి పుస్తకాల షాపులకు చెప్పాలి. షాపులో పనిచేసే అమ్మాయి కస్టమర్‌కు చెప్పాలి. కొన్నవాడు చెల్లెలికి చెప్పాలి. ఇన్ని నోళ్లు మారినా చెదరకుండా ఉండేది రెండు మూడు వాక్యాలే. ఎవరికి ఏం కావాలి, అడ్డం ఏముంది, దక్కకపోతే ఏం పోతుంది. ఈ మూడూ ఆ వాక్యాల్లో ఉంటే మిరపకాయల కథైనా అమ్ముడవుతుంది, లేకపోతే ఎంత రక్తపాతం ఉన్న థ్రిల్లరైనా పడుకుంటుంది. ఏ రకం నవల అన్నది దీని తర్వాతి మాట.

మీరు మెయిల్‌లో మీ నవల గురించి రాసిన వాక్యం ఇదీ: 'మూడు తరాల జీవితం, జ్ఞాపకం, వలస, మట్టివాసనల గురించిన ఆలోచన'. ఇది ఎవరు ఎవరికి తిరిగి చెప్పగలరు? మట్టివాసన అనే మాట మీద నాకు వ్యక్తిగతంగా కూడా కక్ష ఉంది, అది పక్కన పెట్టండి. కానీ మీ కథాసంగ్రహం నాలుగో పేరాలో, ఏదో గుర్తొచ్చినట్టు, అసలు కథ రాశారు. దాన్ని నేను బయటికి లాగి ఇలా పెడతాను:

'గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి పక్షవాతంతో మంచాన పడతాడు. ఉద్యోగం వదిలి వచ్చిన కూతురికి కొట్లో రెండో ఖాతా పుస్తకం దొరుకుతుంది. అందులో తండ్రి 43 మంది రైతులకు ఎగ్గొట్టిన బాకీల లెక్క ఉంది. యార్డుకు వేసవి సెలవులిచ్చేలోగా ఆ డబ్బు కట్టకపోతే కొట్టు పోతుంది, కడితే తండ్రి దొంగ అని తనే ఒప్పుకున్నట్టవుతుంది. ఆయనకు ఇంకా మాట రాలేదు.'

చివరి వాక్యం మీదే, నేను కల్పించలేదు. మీకు మార్కెట్ లేదని ఎవరన్నారమ్మా? ఈ ఐదు వాక్యాలు చదివితే గుంటూరు ఎక్కడుందో తెలియని మనిషి కూడా తర్వాత ఏమైందని అడుగుతాడు.

ఇప్పుడు మీరు పంపిన మొదటి పది పేజీలు. ఏడు పేజీలు పోర్చుగీసువాళ్లు మిరపకాయను మన దేశానికి ఎలా తెచ్చారో రాశారు. చక్కగా చదివి రాశారు, కానీ అది వ్యాసం. ఎనిమిదో పేజీలో కూతురు తెల్లవారుజామున నాలుగింటికి కొట్టు తాళం తీస్తుంది, ఘాటుకు తుమ్ము ఆపుకుంటుంది, హమాలీ ఒకడు 'అయ్యగారు లేరా' అని అడుగుతాడు. నవల అక్కడ మొదలైంది. ఏజెంట్లు చాలామంది మొదటి ఐదు లేక పది పేజీలే అడుగుతారు, బ్రిటన్‌లో అయితే మూడు అధ్యాయాలు. మచ్చుకాయల్లో పైన తాలు కాయలు పెట్టి అడుగున మంచి కాయలు పెట్టే రైతును మీ నాన్నగారు ఎప్పుడైనా చూశారా?

ఇంకోటి. 'టిక్కీ' అని రాసి వెంటనే కామా పెట్టి అంటే గోనెసంచి అని, 'పప్పు' అని రాసి అంటే కందులతో చేసే వంటకమని వివరిస్తూ పోయారు. చివర నాలుగు పేజీల పదకోశం కూడా. తీసెయ్యండి. హమాలీ వీపు మీద టిక్కీ ఉందంటే అదేమిటో ఎవరికైనా అర్థమవుతుంది. పరాయివాడికి అర్థం కావాలన్న బెంగతో రాసిన వాక్యం మనవాళ్లకు కృతకంగా, పరాయివాళ్లకు పాఠ్యపుస్తకంలా ఉంటుంది.

రెండో భాగం గురించి. మీ సంగ్రహం ప్రకారం 1977 దివిసీమ ఉప్పెనలో అన్నీ పోగొట్టుకున్న కుర్రాడు గుంటూరు చేరి, హమాలీగా మొదలై వ్యాపారి అవుతాడు. అది సుమారు 70,000 పదాలు. అది వేరే నవల. కూతురి కథ మధ్యలో దాన్ని దూర్చడం వల్ల ఖాతా పుస్తకం దొరికిన తర్వాత 200 పేజీల దాకా పాఠకుడు ఆ బాకీల సంగతి మర్చిపోతాడు. తండ్రి గతంలో ఈ కథకు కావాల్సింది ఆయన మొదటిసారి తప్పుడు లెక్క రాసిన రోజు, అంతే. అది ఒక అధ్యాయం. మిగతాది తీసేస్తే మీ చేతిలో 94,000కు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. ఎవరూ అడగకుండానే కొలత కుదిరింది.

క్వెరీ లెటర్ అనేది ఏజెంట్‌కు మొదట పంపే ఒక పేజీ ఉత్తరం, 300 పదాల అటూ ఇటూ. ఏజెంట్ పేరుతో మొదలవ్వాలి. ఆయనకో ఆమెకో ఎందుకు రాస్తున్నారో ఒక వాక్యం, అది నిజమై ఉండాలి. తర్వాత పైన నేను రాసినట్టు కథ, ముగింపు చెప్పకుండా. నవల పేరు, రకం, పదాల సంఖ్య. ఇటీవల మూడు నుంచి ఐదేళ్లలో వచ్చిన రెండు పుస్తకాలతో పోలిక, అంటే 'ఇవి చదివినవాళ్లు నాదీ చదువుతారు' అని. మీరు పెట్టిన రెండు పోలికలూ బుకర్ గెలిచిన పుస్తకాలు, ఒకటి 1997ది. కొత్త గాయని నేను సుశీలలా పాడతాను అన్నట్టుంది. మామూలుగా ఆడిన, ఈ మధ్య పుస్తకాలు వెతకండి. చివర మీ గురించి రెండు వాక్యాలు. మిర్చి యార్డులో పెరిగానన్న సంగతి మీరు ఎక్కడా రాయలేదు, ఎంబీఏ గురించి రాశారు! తారుమారు చెయ్యండి.

సినాప్సిస్ అడిగితే మాత్రం కథ మొత్తం, ముగింపుతో సహా, ఒకటి రెండు పేజీల్లో ఇవ్వాలి. అక్కడ సస్పెన్స్ దాచకూడదు.

ఎవరికి పంపాలి అన్నదానికి 'క్వెరీ ట్రాకర్', 'మాన్యుస్క్రిప్ట్ విష్ లిస్ట్' అనే సైట్లు పనికొస్తాయి. ఏ ఏజెంట్ ఏ రకం నవలలు వెతుకుతున్నారో, ప్రస్తుతం తీసుకుంటున్నారో లేదో తెలుస్తుంది. మీకు నచ్చిన ఇటీవలి నవలల చివర కృతజ్ఞతల పేజీ చూడండి, రచయిత తన ఏజెంట్ పేరు అక్కడే చెప్తారు. నేను ఎక్కువగా వాడింది ఆ దారే. ఒకేసారి ఎనిమిది పది మందికి మించి పంపకండి. రెండు మూడు నెలలు ఆగి చూడండి. ఎవరూ పేజీలు అడగకపోతే ఉత్తరంలో లోపం. కొన్ని పేజీలు చదివి ఆపేస్తే మొదటి అధ్యాయంలో లోపం. మొత్తం రాతప్రతి తెప్పించుకుని చదివి వద్దంటే నవల్లోనే ఎక్కడో తూకం తప్పింది. సరిచేసి మరో పది మందికి పంపండి. అందుకే ఒకేసారి 60 మందిని ఖర్చు చేసుకోకూడదనేది. కాదన్న ఏజెంట్‌కే అదే నవల మళ్లీ పంపడం బావుండదు. మీ విషయంలో మాత్రం, నవల ఇంతగా మారాక, కొత్త పేరుతో కొంతమందికి మళ్లీ పంపినా తప్పులేదని నా అభిప్రాయం.

నా సంగతి అడుగుతారేమో. మొదటి నవలకు 71 ఉత్తరాలు రాశాను. ఇద్దరు మొత్తం తెప్పించుకున్నారు, ఇద్దరూ వద్దన్నారు. ఆ నవల ఇప్పుడు మా అటక మీద ఇత్తడి గంగాళంలో ఉంది. రెండోదానికి 19వ ఉత్తరంతో ఏజెంట్ దొరికింది. ఆవిడ నాచేత ఎనిమిది నెలలు తిరగరాయించింది, తర్వాత 14 మంది ఎడిటర్లకు పంపింది, పదమూడో మనిషి కొన్నారు. పుస్తకం చేతికి రావడానికి ఆ తర్వాత ఇంకో 20 నెలలు. ఉద్యోగం మానొద్దు.

డబ్బు లెక్క కూడా చూడండి. మాటవరసకు అమెరికాలో 20,000 డాలర్ల అడ్వాన్సు వచ్చిందనుకుందాం. ఏజెంట్ వాటా 3,000. మిగిలింది ఒకేసారి రాదు. సంతకానికి కొంత, ఎడిటర్ తుది ప్రతి ఒప్పుకున్నాక కొంత, పుస్తకం విడుదలకు కొంత. మీరు ఇండియాలో ఉంటారు కాబట్టి డబ్ల్యూ-8బెన్ అనే ఫారం నింపి పాన్ నంబర్ ఇవ్వాలి. ఇవ్వకపోతే అక్కడ రాయల్టీ మీద 30 శాతం పన్ను కోస్తారు, ఇస్తే రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15. గట్టి అట్ట పుస్తకం (హార్డ్‌కవర్) మీద అక్కడి మామూలు రాయల్టీ మొదటి 5,000 కాపీలకు 10 శాతం, తర్వాతి 5,000కు పన్నెండున్నర, ఆపైన 15. కానీ అడ్వాన్సు అంతా ఆ రాయల్టీలో తీరాకే కొత్త డబ్బు మొదలవుతుంది. తీరకపోయినా అడ్వాన్సు వెనక్కి ఇవ్వక్కర్లేదు.

మీరు అమెరికా, లండన్ తప్ప ఇండియా వైపు చూడలేదు. ఎందుకో? ఇక్కడ పెంగ్విన్ రాండమ్ హౌస్, హార్పర్ కాలిన్స్, హాచెట్, పాన్ మ్యాక్‌మిలన్‌కు శాఖలున్నాయి, స్పీకింగ్ టైగర్, ఆలెఫ్ లాంటి మన సంస్థలున్నాయి. ఏజెంట్ లేకుండా నేరుగా వచ్చిన రాతప్రతుల్ని చూసేవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు, ఆయా సైట్లలో నిబంధనలు చదివి పంపండి. జైపూర్‌లో సియాహీ, ఢిల్లీలో రెడ్ ఇంక్ లాంటి ఏజెన్సీలూ ఉన్నాయి. అమీష్ త్రిపాఠి మొదటి నవలను ఎంతోమంది ప్రచురణకర్తలు కాదన్నాక, 2010లో ఆయన ఏజెంటే దాన్ని అచ్చు వేయించిన కథ అందరికీ తెలిసిందే. అయితే మన దగ్గర కొన్ని సంస్థలు ఒక చేత్తో ఏజెన్సీ, ఇంకో చేత్తో డబ్బు తీసుకునే ఎడిటింగ్ నడుపుతాయి. ఏది ఏదో ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఇక్కడ మొదటి నవలకు వచ్చే అడ్వాన్సు మీ నెల జీతం దాటకపోవచ్చు. కానీ ఇండియా సంస్థకు భారత ఉపఖండం ఇంగ్లీషు హక్కులు మాత్రమే ఇచ్చి, మిగతా దేశాల హక్కులూ అనువాద హక్కులూ సినిమా హక్కులూ మీ దగ్గర ఉంచుకుంటే, తర్వాత అమెరికా ఏజెంట్‌కు అమ్మడానికి సరుకు మిగిలుంటుంది. 'ప్రపంచ హక్కులు, అన్ని భాషలు' అని కాంట్రాక్టులో కనపడితే అక్కడ ఆగండి.

ఇదే మాట మీ పెద్దమ్మగారబ్బాయికీ. చుట్టరికం వేరు, కాగితం వేరు. ఏజెంట్ అడిగే మొదటి ప్రశ్నల్లో సినిమా హక్కులు ఖాళీగా ఉన్నాయా అనేది ఒకటి. ఇప్పటికే ఏదైనా సంతకం పెట్టి ఉంటే మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చూపించి లాయర్‌ను అడగండి. ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనీ అందులో ఉంది. వేరే మాట లేకపోతే, తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు ఆ హక్కు వాడుకోకపోయినా అది పోతుంది. పెట్టకపోతే పెట్టకండి. నిజంగా ఆసక్తి ఉన్న నిర్మాత ఏడాదికో ఏడాదిన్నరకో ఆప్షన్, అంటే ఆ గడువు దాకా హక్కు ఇంకెవరికీ అమ్మకుండా ఆపి ఉంచే ఒప్పందం, రాయించుకుని ఎంతో కొంత డబ్బిస్తాడు.

తెలుగులో రాసుంటే బాగుండేదా అని అడిగారు. ఏజెంట్ దృష్టితో చూస్తే తెలుగులో ఆ మనిషే లేడు. ఒకప్పుడు వారపత్రికల సంపాదకులు ఆ పని చేశారు. సీరియల్ వేసి, పాఠకుడి పల్స్ చూసి, తిరగరాయించి, పేరు నిలబెట్టారు. ఆ పత్రికలు చాలావరకు పోయాక రచయితే సొంత డబ్బుతో 500 కాపీలు వేసుకుని విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనల్లో స్టాల్ ముందు నిలబడుతున్నాడు. ఏజెంట్‌కు 15 శాతం ఇవ్వడానికి ఆ లెక్కలో ఏం మిగులుతుంది? పోటీలే మనకు మిగిలిన తలుపు. బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' 2017 తానా పోటీలో గెలిచి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దాకా వెళ్లింది. సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి గారి 'కొండపొలం' 2019లో తానా బహుమతి పొంది 2021లో సినిమా అయింది. మరో దారి అనువాదం. 2022లో ఒక హిందీ నవల, 2025లో ఒక కన్నడ కథల సంపుటి ఇంటర్నేషనల్ బుకర్ గెలిచాయి. ఆ 50,000 పౌండ్లూ రచయితకూ అనువాదకురాలికీ చెరిసగం. తెలుగుకు ఆ రోజు ఇంకా రాలేదు.

కానీ మీరు భాషను మార్కెట్ చూసి ఎంచుకోకండి. మీ పది పేజీల్లో హమాలీ మాట్లాడిన నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాసినా నాకు గుంటూరు యాసలోనే వినపడ్డాయి. కూతురు తనలో తను అనుకునేవి మాత్రం ఇంగ్లీషులోనే పుట్టాయి, ఆ అమ్మాయి అలాగే ఆలోచిస్తుంది. కాబట్టి ఈ నవల ఇంగ్లీషుదే. తండ్రి నవల ఎవరి నోట పుడుతుందో రాసేటప్పుడు మీకే తెలుస్తుంది. ఉప్పెనలోంచి లేచొచ్చిన కుర్రాడు ఇంగ్లీషులో ఆలోచిస్తాడని నేను అనుకోను.

తీసేసిన ఆ 70,000 పదాల్ని డిలీట్ చెయ్యకండి, వేరే ఫైల్లో పెట్టుకోండి. ఏజెంట్ మిమ్మల్ని తీసుకోవాలనుకుని ఫోన్ చేసినప్పుడు, కాసేపు ఈ నవల గురించి మాట్లాడాక, 'తర్వాత ఏం రాస్తున్నారు' అని తప్పకుండా అడుగుతారు.